ఏమీ జరగలేదని ఒక కాగితం

కారు అమ్మేసిన నాలుగో రోజు
డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఆటో దిగి
గోడ పట్టుకుని మెట్లెక్కాను.
బీమా ఆఫీసు రెండో అంతస్తు.
ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా
హేమసుందరి వాటి మీద
పలాస జీడిపప్పు డబ్బా పెట్టుకుంది.

"నో క్లెయిమ్ బోనస్ దాచుకోవచ్చు మేడమ్.
మీకు యాభై శాతం వచ్చేసింది, ఆపైన మెట్టు లేదు.
మూడేళ్ల లోపు ఇంకో కారు కొంటే వాడుకోండి.
కొనకపోతే పోతుంది."
మా చెల్లెలి కూతురు కొంటోంది, దానికి ఇవ్వొచ్చా?
"కుదరదండీ. బండి మారొచ్చు, మనిషి మారకూడదు.
మీరు పోతేనే వారసులకి..."
అని నాలిక్కరుచుకుంది.
పరవాలేదమ్మా, రాయి, అన్నాను.

ఇరవై, ఇరవై అయిదు, ముప్ఫై అయిదు,
నలభై అయిదు, యాభై.
ఏమీ జరగనందుకు
ఏడాదికోసారి వేసిన మార్కులు.

ఏమీ జరగలేదా?
తిత్లీ తుపాను రాత్రి
పక్కింటి షెడ్డు రేకు ఎగిరొచ్చి
ముందద్దం మీద పడుకుంది.
తెల్లారి వీధంతా కూలిన చెట్లు లెక్కపెడుతుంటే
నేను అద్దం పెంకులు చేటలోకి ఎత్తుకున్నాను.
క్లెయిమ్ చేస్తే మళ్లీ సున్నా నించి, అన్నారు ఎవరో.
రణస్థలం దగ్గర గొర్రెల మందకి దారివ్వబోయి
రాతిస్తంభానికి గీరుకున్నప్పుడూ అంతే.
నూకరాజు టింకరింగ్ షెడ్డులో పదిహేడు వందలు.
సొట్టని లోపలి నించి సుత్తితో కొడుతూ
"ఏటేటా కట్టినారు గదేటి,
అడగరేటమ్మా?" అన్నాడు.

అడగకపోవడం
బండి కొన్నాక వచ్చిన అలవాటు కాదు.
నాన్న పోయాక కల్లేపల్లి పొలం పంచుతుంటే
చాప మీద ఓ మూల కూచుని తలూపాను.
ఆ మధ్యాహ్నం తమ్ముడు
చేపల పులుసులో తలకాయ నాకే వేశాడు.
అదే అనుకుంటాను, డిస్కౌంటు.
మిగతావి చెప్పను.
వాటికి సర్టిఫికెట్టు ఇచ్చే ఆఫీసు
ఈ ఊళ్లో లేదు.

ఎడమ కంటి అంచు నల్లబడుతోందని
నాకు కన్ను చెప్పలేదు, ఒక కుర్రాడు చెప్పాడు.
అరసవల్లి రోడ్డులో సైకిల్ మీద
ఎక్కడి నించి వచ్చాడో, అసలు రానేలేదు నా చూపులోకి.
బ్రేకు పడింది.
బానెట్ మీద అరచెయ్యి ఆనించి
నిలదొక్కుకుని, నన్ను చూసి,
తిట్టకుండా వెళ్లిపోయాడు.
తగల్లేదు. గీత పడలేదు. ఎక్కడా నమోదు కాలేదు.
దుమ్ములో అయిదు వేళ్లు మాత్రం ఉండిపోయాయి.

నీటికాసులు, అన్నాడు డాక్టరు.
జబ్బుకి ఎంత మంచి పేరు!
ఎండలో నాగావళి మీద చెల్లాచెదరైన చిల్లరలా.
పోయిన చూపు రాదు, ఉన్నది దాచుకోండి,
రోజుకి రెండు చుక్కలు, అన్నాడు.

ఆమదాలవలస సనపల తవుడు
తాళాలు తీసుకున్న పొద్దున
బండి కడిగించలేదేటమ్మా అని అడిగాడు.
మూడు వారాలుగా కడిగించలేదు.
నేను చూస్తుండగానే
తడిగుడ్డ ఒక్కసారి తిప్పాడు.

హేమసుందరి ముద్ర కొట్టి ఇచ్చింది.
నా పేరు, ఏపీ ముప్ఫై నంబరు,
క్లెయిములు: లేవు.
మూడేళ్ల తర్వాతి తేదీ ఒకటి, బోల్డు అక్షరాల్లో.
ఆ తేదీకి ఈ అక్షరాలు
నాకు ఎంత వరకు కనిపిస్తాయో.
కంటి చీటీలున్న ఫైలులోనే పెట్టాను.
కొనని కారుకి సగం ధర తగ్గింపు.
ఎందుకు దాచావంటే చెప్పలేను.
ఆ కుర్రాడు ఇంటికి చేరాడనడానికి
నా దగ్గరున్న రుజువు ఇదొక్కటే.

ఇంటి దగ్గర దిగాక
ఆటో అబ్బాయి అయిదు రూపాయల చిల్లర లేదన్నాడు.
అలవాటుగా రెండడుగులు వేశాను.
వెనక్కి వచ్చి నిలబడ్డాను.
చూడు బాబూ, ఉంటాయి, అన్నాను.
సీటు కింద డబ్బా తీసి
వెతకడం మొదలుపెట్టాడు.